కురిసే రేడియో

మార్కాపురం బస్టాండు ఎదురు సందులో ఉన్న చాంద్ బాషా రేడియో దుకాణంలో పొద్దున్నే జరిగే మొదటి పని రిపేరు కాదు, పరామర్శ. అలమరలో వరసగా కూర్చున్న రేడియోలను ఒక్కొక్కటే కిందికి దించి, గుడ్డతో తుడిచి, వీపు మీద వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "ఈరోజు కొంచెం నయం" అనో, "దీనికి మనసు బాగాలేదు" అనో తనలో తాను అనుకుని మళ్ళీ పైన పెట్టేవాడు. ఆ తర్వాతే టీ.

కొత్త రేడియో ఎవరైనా తెస్తే వెంటనే విప్పేవాడు కాదు. ముందు విచారణ. ఇంట్లో ఎక్కడ పెడతారు, పొయ్యి దగ్గరా, కిటికీ దగ్గరా? కింద పడేసిందెవరు? ఎవరూ పడేయలేదంటే నమ్మేవాడు కాదు. వచ్చినవాళ్ళ మొహాలు వరసగా చూసి, పడేసినవాడు తల దించుకునేదాకా ఊరుకునేవాడు కాదు. తిండేం పెడుతున్నారు? తిండి అంటే సెల్లులు. చవక సెల్లులు వేశామని ఒప్పుకున్నవాళ్ళకు, కన్నబిడ్డకు అన్నం పెట్టకుండా గంజినీళ్ళు పోస్తున్నంత చీవాట్లు పడేవి.

తన చేతిలోంచి బాగుపడకుండా వెనక్కి పోయిన రేడియో లేదని చాంద్ బాషా చెప్పుకునేవాడు. ఊరు కూడా అదే చెప్పుకునేది. మొండికేసిన ఒకటి రెండింటిని గుడ్డలో చుట్టి, రైల్లో గిద్దలూరు తీసుకుపోయి, అక్కడి సుందరరాజు చేత బాగుచేయించి తెచ్చిన సంగతి ఆయన భార్య ఖాతూన్‌బీకి తప్ప ఎవరికీ తెలియదు. ఆమె కూడా మంచిది కాబట్టి, మొగుడితో తగువు పడిన రోజున మాత్రమే సుందరరాజు పేరు ఎత్తేది.

అప్పటికింకా మార్కాపురం కర్నూలు జిల్లాలోనే ఉంది. ట్రాన్సిస్టర్ ఉన్న ఇంటిని వేలు పెట్టి చూపించే రోజులు. ఆ ఏడు మే నెల ఎండలకు కాకులు కూడా మధ్యాహ్నం పూట అరవడం మానేశాయి. అట్లాంటి ఎండలో పిచ్చయ్య తువ్వాలులో చుట్టిన రేడియోను చంకలో పెట్టుకుని దుకాణం మెట్లెక్కాడు. తువ్వాలు పిండితే చెంబెడు నీళ్ళొచ్చేట్టు ఉంది.

"కురుస్తాంది బాషన్నా," అన్నాడు.

చాంద్ బాషా కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఏ బ్యాండులో?"

"షార్టు వేవులో. సిలోను పెడితే చాలు, స్పీకర్లోంచి సన్నగా పడతాది. అక్కడ పెద్దవాన పడిన రోజు ఇక్కడా జోరుగానే ఉంటాది."

"విజయవాడ పెడితే?"

"చెమట పడతాది. అంతే."

"హైదరాబాదు?"

"దానికేం లేదన్నా, పొడిగానే ఉంటాది. ఢిల్లీ వార్తలప్పుడు మాత్రం కొంచెం దుమ్ము."

చాంద్ బాషా తల ఊపాడు. కురవడం రోగమే గాని ప్రాణం మీదికి తెచ్చేది కాదని ధైర్యం చెప్పాడు. అసలు బాధ ఏమిటో కూడా పిచ్చయ్య చెప్పకముందే ఆయనే చెప్పాడు. తడికి సెల్లులు పచ్చగా చిలుము పట్టి, వేసినవి వేసినట్టే పాడవుతున్నాయి. కొత్తవి కొనమంటే ఇంటావిడ వినడం లేదు. పిచ్చయ్య చేతులెత్తి దండం పెట్టాడు.

పిచ్చయ్య అంటే గురమ్మ మొగుడు. ఊళ్ళో అతన్ని అట్లాగే చెప్పేవాళ్ళు, వేరే చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి. గురమ్మకైతే పలకల కార్ఖానా ఉంది. తర్లుపాడు రోడ్డులో వేపచెట్టు పక్కన, వాళ్ళ నాయన కట్టిన పొడవాటి తాటాకు చావిడి. గనిలోంచి బండ్ల మీద వచ్చిన రాయికి ఉలి పెట్టి, పొరలు పొరలుగా ఊడదీసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లల పలక అవుతుంది. పొర ఊడదీయడంలో గురమ్మది వాళ్ళ నాయన చెయ్యి. పిచ్చయ్య కూడా పెళ్ళయిన కొత్తలో ఉలి పట్టాడు. అతను ముట్టుకున్న రాయల్లా ముక్కలవుతుంటే మామగారే వచ్చి ఉలి తీసుకుని, నువ్వు కాసేపు కూర్చో నాయనా అన్నాడు. ఆ రోజు కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

మిలట్రీలో ఉన్న బావమరిది సెలవుకు వచ్చి రేడియో ఇచ్చి పోయాక, కూర్చోవడానికి ఒక కారణం కూడా దొరికింది. ముల్లును వెంట్రుకవాసి జరిపి, ఆ గురగురల్లోంచి స్టేషన్‌ను వెతికి పట్టడంలో పిచ్చయ్యను మించినవాడు తాలూకాలో లేడు. ఆ విద్యతో పూట గడవదని గురమ్మ రోజూ గుర్తుచేసేది. చావిడిలోంచి ఆమె "ఆపు" అని కేకేస్తే, అతను ఆపకుండా రేడియో ఎత్తుకుని వేపచెట్టు కిందికి పోయేవాడు. అతను కూర్చునే చోట చాపంత మేర నడివేసవిలో కూడా గడ్డి మొలిచి, పొద్దున్నే పక్కింటి మేకలు వచ్చి మేసి పోయేవి.

ఇంతకీ గురమ్మ కోపానికి అసలు కారణం రేడియో కాదు, రాయి. పలకరాయి గనిలోంచి వచ్చినప్పుడు లోపల పచ్చిగా ఉంటుంది. ఆ పచ్చి ఆరకముందే ఉలి పెట్టాలి. అందుకే కుప్ప మీద గోతాలు కప్పి పూటపూటకీ తడుపుతారు. ఒకసారి ఆరిపోయిందా, అది చచ్చిన రాయి. తర్వాత చెరువు తెచ్చి పోసినా పొర ఊడదు, ముక్కలవుతుంది. ఈ సంగతి ఆ వీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

ఆ ఏడు చావిడి వెనక బావి ఎండిపోయింది. తాగడానికి మోసుకొచ్చే బిందెలతో గోతాలు ఎవరు తడుపుతారు? జూన్‌లో తెరిచే బడుల కోసం తెప్పించిన రాయి కుప్ప మొత్తం గురమ్మ కళ్ళ ముందే తెల్లబడింది. బడులు తెరిచేలోపు పలకలు అందకపోతే ఇక ఆమె దగ్గర కొనేది లేదని షావుకారు లక్ష్మీనరసయ్య కబురు పెట్టాడు. ఆయన కొనకపోతే చావిడి మూతే. నాయన వాడిన ఉలి పట్టుకుని ఆమె ఇంకొకరి కార్ఖానాకు కూలికి పోవాల్సిందే. నాయన చచ్చిపోయిన వారంలో కూడా పని ఆపని మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కుప్ప ముందు కూర్చుండిపోయింది. అట్లాంటప్పుడు వేపచెట్టు కింద నుంచి హుషారు పాట వినబడితే ఎవరికైనా మండుతుంది. దాన్ని బాగుచేయించుకుని వస్తావో, అక్కడే పారేసి వస్తావో నాకు తెలియదు, చిలుము పట్టిన సెల్లులతో మాత్రం గడప తొక్కవద్దంది. అదీ పిచ్చయ్య ఎండన పడి రావడానికి కారణం.

చాంద్ బాషా ఆ రేడియోతో చాలా రోజులు కుస్తీ పట్టాడు. ముందు విప్పి ఎండలో ఆరబెట్టాడు. లోపల సముద్రపు వాసన పోయింది గాని, సిలోను పెట్టగానే మళ్ళీ చినుకులు. స్పీకరు అట్ట మార్చాడు. కొత్త అట్ట కూడా తడిసింది. సందులన్నీ మైనంతో మూశాడు. అప్పుడు నీళ్ళు లోపలే నిండి, పాట పాడే ఆమె గొంతు గుటకలు మింగుతున్నట్టు వచ్చింది. మైనం గీకేశాడు. ఖాతూన్‌బీ ఆ రేడియో కింద ఒక గిన్నె పెట్టి, నిండినప్పుడల్లా తీసుకుపోయి పప్పు కడుక్కునేది. సిలోను నీళ్ళకు పప్పు బాగా ఉడుకుతుందని, ఇంకొన్నాళ్ళు ఉంచుకోమని సలహా కూడా ఇచ్చింది. అది చాంద్ బాషా పరువుకు తగిన మాట కాదు.

చివరికి వరస పద్ధతిలో దిగాడు. లోపలున్న ఒక్కొక్క బిళ్ళకూ ఒక కాలు టంకం విడిపించి, సిలోను పెట్టి, అరచెయ్యి కింద పట్టి చూసేవాడు. తడి తగిలితే ఆ బిళ్ళ నిర్దోషి, మళ్ళీ టంకం. అట్లా పోగా పోగా, ముల్లు తిప్పే మర పక్కన నక్కి ఉన్న గోధుమరంగు కండెన్సరు దొరికింది. దాని కాలు లేపగానే చినుకు ఆగింది. దొంగను పీకి, తన డబ్బాలోంచి కొత్తది తీసి వేశాడు. సిలోను పాడింది, అరచెయ్యి పొడిగా ఉంది. పాత కండెన్సరును, ఇన్నేళ్ళుగా రేడియోల్లోంచి పీకినవన్నీ ఉండే రేకు డబ్బాలోకి విసిరి, ఆ రోజు రెండు టీలు తాగాడు.

మర్నాడు గురమ్మ వచ్చింది. పలకలు ఇవ్వలేనని షావుకారుకు తన నోటితోనే చెప్పడానికి బయలుదేరి, తిరిగి పోయేటప్పుడు రేడియో తీసుకుపోవచ్చా అని ముందుగా దుకాణంలోకి తొంగి చూసింది. పిచ్చయ్య అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రేడియో లేని రోజులన్నీ అతను అక్కడే గడిపాడు, ఆస్పత్రి బయట చుట్టాల మాదిరి.

"రా చెల్లెమ్మా. చుక్క కారదు చూడు," అని చాంద్ బాషా రేడియో చేతికివ్వబోయాడు. ఇస్తూనే ఒక ఫిర్యాదు కూడా చేశాడు. "అంతా బాగనే ఉంది గాని, మీ రేడియో నా బల్లను పాడు చేసింది. మీ నాయన ఇచ్చినది. ఇప్పుడు నేనేం చేసేది?"

ఆయన పనిచేసే బల్ల చెక్కది కాదు. దుకాణం పెట్టినప్పుడు గురమ్మ నాయన ఇచ్చిన మందపాటి పలకరాయి. చచ్చిన రాయి, నాకు పనికిరాదు, నీకైనా పనికొస్తుందిలే అని చెప్పి మరీ ఇచ్చాడు. అన్నేళ్ళుగా చెక్కుచెదరని ఆ రాయి ఇప్పుడు రేడియో ఉన్న చోట అంచు వెంట సన్నగా గీతలు గీతలుగా విచ్చుకుంది.

గురమ్మ రేడియో తీసుకోలేదు. వంగి ఆ గీతను చూసింది. బొటనవేలి గోరు పెట్టి చూసింది. తర్వాత అడగకుండానే చాంద్ బాషా పెద్ద స్క్రూడ్రైవరు తీసుకుని, గీతలో పెట్టి, అరచేత్తో మెల్లగా ఒక దెబ్బ వేసింది. పెనం మీద దోసె లేచినట్టు పొర లేచి చేతిలోకి వచ్చింది. ఇంకో దెబ్బకు ఇంకోటి. బిళ్ళలు, తీగలు, టంకం కడ్డీ అన్నీ నేల మీదికి జారుతుంటే చాంద్ బాషా పరాయి ఇంటి పెళ్ళి చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా," అంది గురమ్మ. "మా నాయన చచ్చిందన్న రాయి ఇది. చచ్చిన రాయికి పచ్చి వచ్చింది. మా బావి నీళ్ళకు రానిది సిలోను వానకు వచ్చింది. ఒకసారి రేడియో పెట్టు."

చాంద్ బాషా పెట్టాడు. సిలోను కంచులా పాడింది. చినుకు లేదు.

"ఏదీ అన్నా, వాన?"

"అదే కదమ్మా రిపేరు చేసింది," అన్నాడు చాంద్ బాషా. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడడం ఖాతూన్‌బీ కూడా ఎన్నడూ వినలేదు.

గురమ్మ అడిగింది ఒక్కటే, దాన్ని మళ్ళీ చెడగొట్టమని. చాంద్ బాషాకు అది తిట్టులా తగిలింది. బాగుచేసిన దాన్ని చెడగొట్టి ఇచ్చానని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోవడం ఎట్లాగని, గిద్దలూరులో సుందరరాజు పడీ పడీ నవ్వుతాడని వాపోయాడు. లోపలి నుంచి ఖాతూన్‌బీ, చేతకాకపోతే చెప్పు, చెడగొట్టడానికి కూడా సుందరరాజు దగ్గరికే పంపిద్దామంది. ఆయన వెంటనే టంకం కడ్డీ నిప్పుల్లో పెట్టాడు.

రేకు డబ్బాను గుడ్డ మీద బోర్లించాడు. గోధుమరంగు కండెన్సర్లు గుప్పెడున్నాయి, అన్నీ కవల పిల్లల మాదిరి ఉన్నాయి. బాగుచేయడానికైతే దారి ఉంది, ఎక్కడ తప్పుందో వెతుక్కుంటూ పోవచ్చు. పోగొట్టుకున్న తప్పును తిరిగి తేవడం ఎట్లాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఒక్కొక్కటే వేసి చూడడం మొదలుపెట్టాడు. ఒకటి వేస్తే గాలి లేచి అలమరలోని పాత పేపర్లన్నీ సందులోకి ఎగిరిపోయాయి. ఇంకోటి వేస్తే దుకాణమంతా మంచు కమ్మి, సెల్లుల కోసం వచ్చిన ఒకాయన తలుపు కనబడక గోడను అడుగుతూ నిలబడ్డాడు. మరొకటి వేస్తే వాన కాదు గాని చేపల వేపుడు వాసన వచ్చింది. ఎవరింట్లో వేయిస్తున్నారని ఖాతూన్‌బీ అడిగితే, సిలోనులో అని చెప్పి పీకేశాడు. గురమ్మ స్టూలు మీద కూర్చుని, ఊడదీసిన పొరలను ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తోంది. పొద్దు వాలితే షావుకారు దుకాణం కట్టేస్తాడు. ఇస్తానో ఇవ్వలేనో ఈరోజే చెప్పాలి.

అప్పుడు మెట్ల మీద నుంచి పిచ్చయ్య లోపలికి వచ్చాడు. ఇంతసేపూ అతన్ని ఎవరూ పిలవలేదు, పిలవాలని ఎవరికీ తోచలేదు కూడా.

"నన్ను చూడనీ బాషన్నా," అన్నాడు.

గుడ్డ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, కండెన్సర్లను ఒక్కొక్కటే తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. కొన్నింటికి మొహం చిట్లించాడు. ఒకదానికి తుమ్మాడు. గురమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుడ్డ మీద చివరివి మిగిలాయనగా ఒకదాన్ని నాలుక మీద ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకునే నవ్వాడు.

"ఇదే," అన్నాడు. "ఆ వాన రుచే. మొదట ఉప్పగా ఉంటాది. తర్వాత తియ్యగా."

చాంద్ బాషా టంకం పెట్టాడు. పిచ్చయ్య ముల్లు తిప్పాడు. గురగురల్లోంచి పాట వచ్చింది, పాటతో పాటు చినుకు. గురమ్మ ఆ రోజు షావుకారు దగ్గరికి పోయింది గాని, చెప్పాలనుకున్న మాట చెప్పలేదు. బడులు తెరిచే ముందు రోజుకు బండి పంపమని చెప్పి వచ్చింది.

చినుకైతే వచ్చింది గాని అది చాపంత మేరకే సరిపోయేది. కుప్ప చావిడంత ఉంది. ఇక్కడ చాంద్ బాషా తన పరువు కాపాడుకున్నాడు. ఎటూ చెడగొట్టక తప్పనప్పుడు, తాలూకాలో ఎవరూ చెడగొట్టనంత గొప్పగా చెడగొట్టాలని తీర్మానించాడు. వేపచెట్టు చిటారు కొమ్మ నుంచి చావిడి దాకా ఏరియల్ తీగ లాగాడు. అలమరలో ఉన్న రోగులందరి స్పీకర్లూ విప్పి తెచ్చి, కుప్ప మీద వెదురు కట్టి, సొరకాయల మాదిరి వరసగా వేలాడదీసి, అన్నింటినీ పిచ్చయ్య రేడియోకు కలిపాడు. తమ రేడియోల కోసం వచ్చినవాళ్ళకు, వాటిని వాతావరణం మార్పు కోసం పంపానని చెప్పాడు. నిజమే కదా.

ఆ రోజుల్లో సిలోనులో వానలు దంచుతున్నాయి. ఆ వానంతా తర్లుపాడు రోడ్డులో, తాటాకు చావిడిలో, పాటలతో సహా కురిసింది. బయట ఎండకు రోడ్డు మీద దుమ్ము కూడా లేవడం లేదు. పిచ్చయ్య గొడుగు పట్టుకుని రేడియో పక్కనే కూర్చున్నాడు. స్టేషన్ కాస్త జారితే చాలు, వాన సన్నబడేది. అతను ముల్లును వెంట్రుకవాసి జరిపి మళ్ళీ పట్టుకొచ్చేవాడు. అది అతను తప్ప ఎవరూ చేయలేని పని. గురమ్మ ఓసారి, చాంద్ బాషా ఓసారి ప్రయత్నించి ఢిల్లీ దుమ్ము తెచ్చిపెట్టారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి అన్నం వేళకు గురమ్మే కంచం తెచ్చి పిచ్చయ్య ముందు పెట్టింది. లేస్తే స్టేషన్ పోతుంది కాబట్టి పెట్టానని చెప్పింది. అతను నమ్మాడు.

తడిసిన రాయి తడిసినట్టే ఊపిరి పోసుకుంది. ఉలి పెడితే పొర లేచింది. చుట్టుపక్కల చావిళ్ళ నుంచి ఆడవాళ్ళు సాయం వచ్చి, తడిసిన కొంగులు పిండుకుంటూ, వచ్చే పాటలు తామూ పాడుకుంటూ రాళ్ళు రుద్దారు. అన్నట్టుగానే బండి వచ్చింది, పలకలు పోయాయి. లక్ష్మీనరసయ్య ఒకటి తీసి గోటితో మీటి చూసి, వచ్చే ఏటికి కూడా నీ దగ్గరే అని పైకే చెప్పాడు. ఆ ఏడు బడుల్లో పిల్లలు రాసింది చెరపడానికి ఉమ్మి వేయాల్సిన పని లేకపోయింది. అరచేత్తో రుద్దితే పలకే కాస్త చెమర్చేది. అయ్యవార్లు ఎంతో సంతోషించారు.

బండి వెళ్ళిన సాయంత్రం చావిడి బోసిపోయింది. చాంద్ బాషా స్పీకర్లన్నీ విప్పి, ఎవరివి వాళ్ళకు బిగించాలని సంచిలో వేసుకుని, పనైపోయింది కాబట్టి రేపు వచ్చి కొత్త కండెన్సరు వేసి పోతానని, ఒక రేడియోను చెడగొట్టి వదిలేశాడన్న మాట తనకు వద్దని చెప్పి వెళ్ళాడు. పిచ్చయ్య ఒక్కడే పాత అలవాటుగా వేపచెట్టు కింద గడ్డి మీద కూర్చుని సిలోను పెట్టుకున్నాడు. సన్నటి జల్లు పడుతోంది.

గురమ్మ చావిడి ఊడ్చి, చీపురు మూలన పెట్టి, అటే నడిచి వచ్చింది. ఆమె రావడం చూసి అతను గబగబా రేడియో ఆపడానికి చెయ్యి చాపాడు.

ఆమె అతని పక్కనే గడ్డి మీద కూర్చుంది. రాతిదుమ్ముకు పగిలిన పాదాలు రెండూ చాపి జల్లు కింద పెట్టింది.

"బాషన్నను రేపు రావద్దని చెప్పు," అంది. కాసేపు పాట విని మళ్ళీ అంది. "ఇంకొంచెం పెంచు."